కంప్యూటరు కొనేముందు ఒక పూట కూర్చుని చూడండి

(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో వెన్న పరీక్ష గెర్బరు పద్ధతిలో జరిగేది. 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. ఎమైల్ ఆల్కహాలు బ్యూటైరోమీటరులో పోసి యంత్రంలో తిప్పితే, వెన్న తేలి గీతల మధ్య నిలిచేది. అనుమానమున్న సభ్యుడు గొట్టం చూసుకునేవాడు. నేడు యంత్రం నిమిషంలోపు అంకె చెబుతున్నది. ఆ అంకె ఎవరి ఖాతాలో, ఏ రేటుకు పడిందో చెప్పేది కంప్యూటరు తెర. కనుక ఆ తెర అందరికీ అర్థం కావాలి.

ఒక సంఘంలో గేదె పాలు పోసే సభ్యురాలికి పదిహేను రోజుల బిల్లు బాగా తగ్గింది. ఫిర్యాదు రాగా నేను కార్యదర్శినే తప్పుపట్టి సంజాయిషీ కోరాను. తర్వాత ఒక ఉదయం పూట ఆయన పక్కన కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. ముందు సభ్యునికి నొక్కిన ‘ఆవు’ గుర్తు, మార్చేదాకా అలాగే నిలిచిపోతున్నది. అదీ ఇంగ్లీషులో, తెర మూలన, చిన్న అక్షరాల్లో. ఆమె రోజూ ఆవు పాల రైతు వెనుకనే నిలబడేది. తేడా సొమ్ము సంఘం చెల్లించింది. కార్యదర్శికి పోయిన పరువును మాత్రం నేను తిరిగి ఇవ్వలేకపోయాను.

కాబట్టి పాలకవర్గాలు ఈ సంగతులు గమనించాలని మనవి.

1. తెర మీద అక్షరాలు తెలుగులో, పెద్దవిగా ఉండాలి. పాల సేకరణకు ఒకే తెర చాలు.
2. నంబరు నొక్కగానే సభ్యుని పేరు కనబడాలి. లేకుంటే 16 బదులు 61 పడినా తెలియదు.
3. ఆవు, గేదె గుర్తు ప్రతి సభ్యునికీ కొత్తగా అడగాలి.
4. తప్పు దిద్దడం సులువుగా ఉండాలి. కాని పాత అంకె చెరిగిపోరాదు. ఆడిట్‌కు అది కావాలి.
5. లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., సొమ్ము సభ్యునివైపు కూడా కనబడాలి. చీటీ తెలుగులో రావాలి.
6. కరెంటు పోయివస్తే ఆగినచోటి నుంచే సాగాలి.

అమ్మేవారు చూపే హంగులకు లోబడకండి. సొమ్ము కట్టేముందు, రద్దీగా ఉండే ఒక పూట, కంప్యూటరు అలవాటు లేని టెస్టరు చేత నడిపించండి. ఎన్నిసార్లు ఆగాడో, ఎన్నిసార్లు అడిగాడో రాసుకోండి. అతనిని తెలివితక్కువవాడనకండి, మారవలసింది తెర.

వరుసలో చివరి సభ్యురాలు తన చీటీ తానే చదువుకుని ఇంటికి వెళ్ళగలిగితే, ఆ యంత్రం మనకు పనికివచ్చినట్టే.