చెఱువు గర్భమున నిల్లు

చెన్నపట్టణమున త్యాగరాయనగరమునందు మాకొక యిల్లు గలదు. విశాలమైన వీథులు, నడుమ పానగల్లు రాజావారి పేర వెలసిన యుద్యానవనము, చుట్టును అంగళ్లు, చూపఱకు వేడుకయే.

కాని 1920వ దశకమున నివేశనస్థలములకై చెఱువును పూడ్చి, పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేర వెలయించిన పేట యిది. చెఱువు పోయినను పల్లము పోలేదు. 2015 డిసెంబరులోను, 2021 నవంబరులోను కుండపోతగా వానలు గురియగా, ఈ ప్రాంతపు వీథులు మడుగులయ్యెను. గడప దాటిన నీటిని జూచి నేను కోపగింపలేకపోతిని. తన యింటికి దాను వచ్చినదానిని పొమ్మనుటకు నాకేమి హక్కు?

మీ యూరి చెఱువు గర్భమును నివేశనములకు గోరువారు వచ్చినచో, మా గడపను దలంపుడు. గట్టు తెగగొట్టుట కొలది దినముల పని. నీటికి త్రోవ మఱపించుట తరములకును గాదు.