ఆది ఆంధ్ర పెద్దలు: ఒక పేరు, ఒక బడి

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలలో భూమినిచ్చిన వదాన్యులను, భవనం కట్టించిన దాతలను స్మరించుట ఆచారం. ఆ స్మరణ ఇంతకుముందే సముచితంగా జరిగినది. ఈ ప్రసంగం మరొక వరుస పెద్దలను గురించినది. చెన్నపట్నపు తెలుగు బడుల గోడలమీద వారి చిత్రపటాలు అరుదు. అయినను వారు పోరాడి తెచ్చిన ఒక పేరు ఎన్నో బడుల ప్రవేశపు రిజిస్టర్లలో నేటికీ నిలిచి ఉన్నది.

తమిళనాడు షెడ్యూల్డు కులాల జాబితాను తెరచి చూచిన వారికి మొట్టమొదట కనిపించే పేరు "ఆది ఆంధ్ర". "ఆది ద్రావిడ" రెండవది. తమిళ రాష్ట్రపు జాబితాలో తెలుగువారి పేరు తొలి పంక్తిలో ఉండుటకు అక్షరక్రమమే కారణం కావచ్చును. ఆ పేరు అసలు పుట్టుటకు కారణం మాత్రం అంత తేలికైనది కాదు.

1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశపు పంచములు తమ మొదటి మహాసభ జరుపుకొన్నారు. హైదరాబాదు నుండి వచ్చిన భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించారు. పంచమ శబ్దమే శాస్త్రాలలో లేదనీ, తాము ఈ నేలకు ఆదివాసులమనీ, తమను ఆది ఆంధ్రులని పిలువవలెననీ ఆయన సభలో ప్రతిపాదించారు. పంచమ మహాసభగా పిలువబడిన ఆ సమావేశం ఆది ఆంధ్ర మహాసభగా ముగిసినది. ఒకరు పెట్టిన పేరును మోయుట వేరు, తమకు తాము పేరు పెట్టుకొనుట వేరు. ఈ భేదం బడిలో పిల్లలకు మారుపేర్లు పెట్టి పిలిచే అలవాటు ఇంకా మాననివారికి తెలియవలసినంతగా తెలియదు.

ఆ పేరు ప్రభుత్వ దస్తావేజులలోకి ఎక్కినది ఈ మద్రాసు నగరంలోనే. పరంగిమల ప్రాంతంలో పుట్టి, బడిపంతులుగా జీవితం ప్రారంభించిన ఎం.సి. రాజా 1920లో మద్రాసు శాసనమండలిలో ప్రవేశించారు. పంచమ, పరయ అను మాటలను ప్రభుత్వ రికార్డుల నుండి తొలగించి, తమిళ ప్రాంతాలలో ఆది ద్రావిడ అనీ, తెలుగు ప్రాంతాలలో ఆది ఆంధ్ర అనీ వ్రాయవలెనన్న తీర్మానాన్ని 1922 జనవరిలో మండలి ఆమోదించినది. మార్చిలో ప్రభుత్వ ఉత్తరువు వెలువడినది. తమిళుడైన రాజా తనవారి పేరుతోపాటు తెలుగువారి పేరును కూడా అడిగి తెచ్చిన సంగతి ఇక్కడి తెలుగువారు మరువదగినది కాదు. సైదాపేటలో ఆయన పేరిట ఉన్న విద్యార్థి వసతిగృహం ముందుగా నిత్యం బస్సులలో పోవువారిలో ఆయన ఎవరో ఎరిగినవారు ఎందరో!

రెండేళ్లకు, 1924లో, రెట్టమలై శ్రీనివాసన్ అదే మండలిలో మరొక తీర్మానం నెగ్గించారు. ప్రజాధనంతో వేసిన బాటలు, త్రవ్వించిన బావులు, కట్టిన సత్రాలు, కచేరీలు కులభేదం లేక అందరికీ చెందునన్నది దాని సారాంశం. నేటి పిల్లలకు ఇది వింతగా తోచును. వీధిలో నడచుటకు ప్రభుత్వ ఉత్తరువు ఎందుకని వారు అడుగుదురు. అడుగనీయవలెను, జవాబు చెప్పవలెను.

అయితే పేరు ఉత్తరువుతో మారును, బాట ప్రకటనతో తెరచుకొనును. బడి అట్లు రాదు. దానికి ఒక మనిషి ప్రతిదినం వచ్చి కూర్చుండవలెను. ఈ పెద్దలలో ఎక్కువమంది ఉపాధ్యాయులై ఉండుట, కానివారు బడులు పెట్టియుండుట కాకతాళీయం కాదు.

భాగ్యరెడ్డివర్మనే చూడుడు. 1888లో హైదరాబాదులో పుట్టినప్పుడు ఆయన పేరు మాదరి భాగయ్య. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, అక్షరం రానివారికి హరికథల ద్వారా సంగతులు చెప్పించారు. ఆ తరువాత 1910లో బడులు ప్రారంభించారు. నిజాం రాజ్యంలో అధికారభాష ఉర్దూ. ఆ రాజ్యంలో తన వాడల పిల్లలకు ఆయన తెలుగులో చదువు చెప్పించారు. కాలక్రమాన ఆ బడులు 26 అయినవి, విద్యార్థులు సుమారు 2,500 మంది. దివాణపు విద్యాశాఖ చేయవలసిన పనిని చందాలమీద ఒక సంఘం చేసినది. పరాయిభాష ఏలుబడిలో తల్లిభాషలో బడి నడుపుట ఎంత కష్టమో చెన్నపట్నంలో తెలుగు మాధ్యమాన్ని నిలబెట్టుకొనుచున్న వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మద్రాసులోనూ ఇట్టి ప్రయత్నం జరిగినది. శాసనమండలి సభ్యులైన ఎల్.సి. గురుస్వామి అరుంధతీయుల కోసం నగరంలో రాత్రిబడులు నడిపించారు. పగలంతా తోళ్లపనిలోనో, వీధులు శుభ్రపరచు పనిలోనో ఉన్నవారికి రాత్రియే బడివేళ. నెల్లూరు, గుంటూరు ప్రాంతాల నుండి తరతరాల క్రిందట నగరానికి వచ్చి పారిశుద్ధ్యపు పనిలో చేరిన తెలుగు కుటుంబాలు ఎన్నో. నగరం వారి చేతిపనిని ప్రతి ఉదయం వాడుకొన్నది. వారి పిల్లల చదువు సంగతి మాత్రం వారికే వదలివేసినది.

ఇదే కథ మరొక ఖండంలోనూ నడచినది. అమెరికాలో నల్లజాతి పౌరహక్కుల ఉద్యమమనగానే మార్టిన్ లూథర్ కింగ్ పేరు స్ఫురించుట సహజం. 1959లో ఆయన మన దేశానికి వచ్చినప్పుడు తిరువనంతపురంలో ఒక బడికి వెళ్లగా, ప్రధానోపాధ్యాయుడు ఆయనను పిల్లలకు అమెరికా నుండి వచ్చిన అస్పృశ్యుడుగా పరిచయం చేశాడట. మొదట మనసు చివుక్కుమన్నదనీ, ఆలోచించగా అది నిజమేననిపించినదనీ కింగ్ తరువాత చెప్పుకొన్నారు. కాని ఆ ఉద్యమానికి పునాదిరాళ్లు వేసినవారిలో ఒక పంతులమ్మ ఉన్నది. పేరు సెప్టిమా క్లార్క్. దక్షిణ కరోలినా రాష్ట్రంలో సుమారు నలుబది సంవత్సరాలు బడిలో పనిచేసిన ఆమెను, హక్కుల సంఘంలో సభ్యత్వం వదలుకోనందుకు 1956లో ఉద్యోగం నుండి తొలగించారు. మరుసటి సంవత్సరం జాన్స్ ద్వీపంలో ఒక దుకాణం వెనుక గదిలో ఆమె ప్రోద్బలంతో పెద్దల బడి తెరచుకొన్నది. చదువరి అని నిరూపించుకొననిదే నల్లవారికి ఓటు ఇయ్యని కాలమది. అక్కడ పాఠం చెప్పినది కేశాలంకరణ చేయు బెర్నిస్ రాబిన్సన్. ఆ ద్వీపంలో బస్సు నడుపు ఏసా జెంకిన్స్ అంతకుముందే ప్రయాణికులకు బస్సులోనే చదువు చెప్పేవాడు. తొలి విద్యార్థులు 14 మంది. కొద్ది సంవత్సరాలలో అట్టి బడులు దక్షిణ రాష్ట్రాలంతటా వ్యాపించినవి. అక్షరం నేర్చినవారే మరొక ఊరిలో పంతుళ్లయినారు. పెద్దరికం అక్కడ వేదికమీద కాక, పలక చేతబట్టి కూర్చున్నచోట పుట్టినది.

మన వైపు తరువాతి తరాన్ని చూచినను ఈ సంబంధం తెగలేదు. మహాకవి జాషువ చిరకాలం ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నారు, 1957 తరువాత కొంతకాలం మద్రాసు ఆకాశవాణిలో పనిచేశారు. ఆయన కుమార్తె హేమలతా లవణం స్టూవర్టుపురంలో నేరస్థులుగా ముద్రపడిన కుటుంబాల నడుమ, నిజామాబాదు ప్రాంతంలో జోగినుల నడుమ సంవత్సరాల తరబడి పనిచేశారు. తండ్రి పద్యాలు ప్రతి వక్తృత్వపు పోటీలోనూ మ్రోగుచున్నవి, కుమార్తె పని మాత్రం పాఠ్యపుస్తకాలకు అంతగా ఎక్కలేదు.

కర్నూలు దగ్గర పెదపాడులో నిరుపేద ఇంట 1921లో పుట్టిన దామోదరం సంజీవయ్య మద్రాసు లా కళాశాలలో చదివినారు. ఆ రోజులలో ఖర్చులకై ఈ నగరంలోనే ఒక బడిలో లెక్కలు చెప్పేవారు. 1952లో రాజాజీ మంత్రివర్గంలో చేరినారు. 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినారు; దేశంలో ఆ పదవినెక్కిన తొలి దళితుడు ఆయనయే. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండగా 1965లో బోనసు చట్టం వచ్చినది.

ఆ కాలపు శాసనసభలోనే టి.ఎన్. సదాలక్ష్మి ఉపసభాపతిగా ఉన్నారు. పాకీపని చేయు మెహతర్ కుటుంబంలో పుట్టిన ఆమె దేవాదాయ శాఖ మంత్రిగానూ పనిచేశారు. వృద్ధాప్యంలో విశ్రమించక, దళితులలోనూ వెనుకబడినవారికి వేరుగా వాటా కావలెనన్న మాదిగ దండోరా ఉద్యమం 1990ల నాట తలయెత్తగా దానికి అండగా నిలిచినారు. తనవారిలోనే తనకన్న క్రిందనున్న వారి కోసం నిలుచుట నాయకత్వంలో అన్నిటికన్న కష్టమైన పని. స్వజనులే నొచ్చుకొందురు.

ఆ వాదం తమిళనాడులో 2009లో చట్టరూపం పొందినది. షెడ్యూల్డు కులాలకున్న 18 శాతంలో 3 శాతం అరుంధతీయులకు ప్రత్యేకించినారు. ఆ చట్టం క్రిందికి వచ్చు ఏడు పేర్లలో మాదిగ ఉన్నది, ఆది ఆంధ్ర కూడా ఉన్నది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇట్టి వర్గీకరణ చెల్లునని తీర్పు చెప్పినది. బెజవాడ సభలో పుట్టిన పేరు ఈ విధంగా చెన్నైలోని ఒక బాలిక వైద్య కళాశాల దరఖాస్తు వరకు నడచివచ్చినది.

తల్లిదండ్రులు గమనింపవలసినది ఇక్కడనే ఉన్నది. బడిలో చేర్చునాడు కులము అన్న గడిలో ఏమి వ్రాయవలెనని అడిగిన, "ఏదో ఒకటి రాయండి టీచరమ్మా" అనే తండ్రులు ఉన్నారు. సిగ్గుపడి వేరొక పేరు చెప్పేవారూ ఉన్నారు. జాబితాలో ఆది ఆంధ్ర వేరు, మాదిగ వేరు, మాల వేరు. తాత ధ్రువపత్రంలో ఒకటి, తండ్రి పత్రంలో ఒకటి, బిడ్డ బదిలీ పత్రంలో మరొకటి ఉన్నచో పండ్రెండవ తరగతి తరువాత ఆ బిడ్డ కచేరీల చుట్టూ తిరుగవలసి వచ్చును. మార్కులు ఉండియు సీటు చేజారుటకు ఆ ఒక్క మాట తేడా చాలును. దరఖాస్తులు తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉండును. ఇంట మాట్లాడునది తెలుగు. 2006 నాటి చట్టం వలన తమిళం బడులలో తప్పనిసరి అయినందున నేటి పిల్లలు తమిళం చదువుచున్నారు, మంచిదే. వారి తల్లిదండ్రులలో చాలామందికి ఆ లిపి రాదు.

పూర్వ విద్యార్థుల సంఘం జూబిలీ జ్ఞాపకార్థం ఏమి చేయవలెనని అడుగుచున్నది. శిలాఫలకానికి, స్వాగత తోరణానికి సూచనలు ఇదివరకే వచ్చినవి. వానితోపాటు మరొక సూచన: ఏప్రిల్ నుండి జూన్ వరకు, ప్రతి శనివారం సాయంత్రం, తమిళం చదువ వ్రాయ వచ్చిన పూర్వ విద్యార్థులు ఇద్దరు బడి వరండాలో ఒక బల్ల వేసుకొని కూర్చుండవలెను. వచ్చినవారి పాత ధ్రువపత్రాలు చదివి, పేర్లు సరిపోల్చి, ఇ-సేవ కేంద్రానికి పోవుటకు ముందే దరఖాస్తు నింపి ఇయ్యవలెను. బల్ల బడి ఇచ్చును. దీపం ఉన్నది. పేర్లు ఇయ్యదలచినవారు సభానంతరం కార్యాలయంలోని నోటుపుస్తకంలో వ్రాయవచ్చును.