కోస్తే పైసలున్నయి, మందులిస్తే లేవా?

(ఇచ్చోడలో మహిళా రైతులు, కూలీల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



పత్తి ధర గురించి, విత్తనాల గురించి మనం ఎన్నోసార్లు కూర్చున్నం. ఈరోజు గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడుదాం. ఆడోళ్ల ముచ్చటని అన్నలు లేచిపోవద్దు. ఇది మన ఇంటి అప్పుల ముచ్చట కూడా.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురు, తెలంగాణలో ఎనిమిది మంది. ఇంత తేడాకు జబ్బొక్కటే కారణమంటే మేం నమ్మం. బీమా నడిచే తీరు కూడా ఒక కారణం.

తెల్లబట్ట, నడుం నొప్పి, నెలసరి బాధ చాలామందికి పరీక్షలతో, మందులతోనే తగ్గుతయి. కానీ బీమా కంపెనీల పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో చేర్చుకుంటేనే డబ్బు కడతయి. స్కానింగు, గోలీల ఖర్చు మనదే. కాన్పు ఖర్చు చాలా పాలసీల్లో ఉండదు, ఉన్నా ఏండ్లకేండ్లు ఆగాలంటరు. ప్రీమియం మాత్రం ఆగదు. పేదల కోసం పెట్టిన సర్కారు బీమాలోనూ ప్యాకేజీ అంటే ఎక్కువగా ఆపరేషనే. కోసినోళ్లకు బిల్లు వస్తది, మందులిచ్చి పంపినోళ్లకు రాదు. అట్లయితే కత్తికే మొగ్గు ఉంటది.

క్యాన్సరుకో, ఆగని రక్తస్రావానికో ఆపరేషన్ అవసరమైతే చేయించుకోవాల్సిందే. కానీ అవసరం లేకున్నా చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే ఎముకలు బలహీనపడతయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతది. ఒంగి పత్తి ఏరే మనిషికి ఆ నష్టం ఏ కంపెనీ కడుతది?

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ బీమా డబ్బు కోసం అక్కరలేని ఆపరేషన్లు చేశారన్న కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పునిచ్చింది. ఇట్లాంటివి ఆపడానికి కేంద్రం చేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చేయాలన్నది.

అందుకే మన డిమాండ్లు ఇవి. 40 ఏండ్లలోపు వాళ్లకు సర్కారు డాక్టరు రెండో అభిప్రాయం లేకుండా ఈ ఆపరేషన్ చేయొద్దు. ఏ ఆస్పత్రిలో ఎన్ని చేశారో జిల్లా అధికారులు ప్రతినెలా బయటపెట్టాలె. పరీక్షలకు, మందులకు కూడా బీమా వర్తించాలె. మండల దవాఖానకు స్త్రీల డాక్టరు రావాలె.

అప్పటిదాకా మనం చేసేది ఒకటుంది. "వెంటనే తీసెయ్యాలె" అంటే సంతకం పెట్టొద్దు. రిపోర్టులు పట్టుకొని ఆదిలాబాద్ రిమ్స్‌కు పోయి ఇంకో డాక్టరుకు చూపించుకోండి. ఒంటరిగా పోలేనోళ్లు సంఘానికి చెప్పండి, తోడు వస్తం.