ఓటు నడుగ వచ్చువారికి మన ప్రశ్న



ఎన్నికలు వచ్చినపుడు అభ్యర్థులు మన యరుగులకడకు వచ్చి రోడ్డు, నీరు, బడి యని వాగ్దానములు చేయుదురు. అవి కావలసినవే. కాని ఊరి పాత గుడిని, శాసనమును, కోటగోడను గూర్చి వారి యభిప్రాయ మేమని మన మడుగము. అడుగనిదే వారును చెప్పరు. ఈ యలక్ష్యమున నాకును పాలు గలదు. ఆ సంగతియే ముందుగా విన్నవింతును.

నేను ఉపాధ్యాయుడనై యున్న యొక గ్రామమున చెఱువుగట్టుపై శాసనశిల యొకటి యుండెను. పదునాలుగు పంక్తులలో ఆఱింటిని చదివి వ్రాసికొంటిని. అవి రాజప్రశస్తి. చెఱువు నెవరు త్రవ్వించిరో, నీరు ఏ పొలమునకు చెందునో తక్కిన యెనిమిదింట నుండవచ్చునని తలచి, వేసవి సెలవులలో చదువుదమని యూరకుంటిని. అంతలో ఎన్నికలు వచ్చినవి. ఒక అభ్యర్థి రోడ్డు వేయింతునన్నాడు. అందఱును చప్పట్లు కొట్టిరి, నేనును గొట్టితిని. ఆయన గెలిచి మాట నిలుపుకొనెను. సెలవులనాటికి మా శిల కంకరయై ఆ రోడ్డుక్రింద నుండెను.

రోడ్డు కావలెనన్న రాయి పోవలసినదే యనువారు కలరు. అది పూర్తిగా సత్యము కాదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. మునుగనున్న నాగార్జునకొండ లోయలో 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు జరిపి, కట్టడములలో కొన్నిటిని కొండపైకి తరలించి నిలిపిరి. పొలములకు నీరును వచ్చినది, చరిత్రలో కొంతయు మిగిలినది. ముందుగా ఆలోచించుటచేతనే యిది సాధ్యమైనది.

ఇక చట్టము మాట. జాతీయ ప్రాముఖ్యముగల కట్టడములను కాపాడు బాధ్యతను రాజ్యాంగమందలి 49వ అధికరణము ప్రభుత్వముపై నుంచినది. 1958 నాటి చట్టమును 2010లో సవరించి, కేంద్రరక్షణలోని కట్టడమునకు 100 మీటర్ల లోపల క్రొత్త నిర్మాణమును నిషేధించిరి. ఆపై 200 మీటర్లలో అనుమతి కావలెననిరి. ప్రజోపయోగ నిర్మాణములకై ఈ నిషేధమును సడలించు బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదింపగా, రాజ్యసభ దానిని సెలెక్ట్ కమిటీకి పంపినది. ఇరుప్రక్కలను న్యాయము కలదు. ఆ నూఱు మీటర్లలో ఇల్లు గల పేదవాని కష్టము కష్టమే. పగిలిన శిల మరల రాదన్నదియు నిజమే.

కావున అభ్యర్థి యే పక్షమువాడైనను, పదిమంది యెదుట మూడు ప్రశ్నలడుగుడు. అట్టి సడలింపునకు మీరు అనుకూలురా, ప్రతికూలురా? పాత కట్టడముచెంత కాపురముండువానికి ఇంటి మరమ్మతు అనుమతి జాగులేక దొరకుటకు ఏమి చేయుదురు? ఏ పట్టికకును ఎక్కని మా యూరి శిలకు దిక్కెవరు? వారి యుత్తరములను పంచాయతీ పుస్తకమున వ్రాసియుంచుడు. గెలిచినపిదప చూపవచ్చును.

నా పాత నోటుపుస్తకమున ఆ యాఱు పంక్తులు నేటికిని గలవు. ఏడవదానికై విడిచిన చోటు ఖాళీగానే యున్నది. మీ యూరి శిల యింకను నిలిచియున్నచో, రేపే పోయి చదివింపుడు.