విద్యుత్ వాహనాలు – తేలిక పదార్థాలు

(కామారెడ్డి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బస్సుల మరమ్మతు షెడ్డులో పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక, కరెంటు బండి కొనవచ్చునా అని మనవాళ్లు నన్ను తరచు అడుగుతున్నారు. "బాడీ ఫైబరండీ, చాలా తేలిక" అని దుకాణంలో చెబుతారు. రిటైర్మెంటు సొమ్ము పెట్టేముందు ఆ మాటలో విలువ ఎంతో తెలుసుకోవాలి.

నారకు జిగురు పట్టించి గట్టి వస్తువు చేయడం మనకు కొత్త కాదు. వడ్లు పోసుకునే గుమ్మి గుర్తుందా? తడిక అల్లి, పైన మట్టీ పేడా మెత్తేవారు. ఉత్త తడికైతే గింజలు కారిపోతాయి, ఉత్త మట్టైతే పగులుతుంది. రెండూ కలిస్తే బస్తాలకొద్దీ ధాన్యం ఆగుతుంది. నేటి మిశ్రమ పదార్థమూ అంతే. తడికకు బదులు గాజు నార, కార్బన్ నార. మట్టికి బదులు రెసిన్. ఒక లీటరు పరిమాణంలో ఉక్కు 7.8 కిలోలు తూగితే, అల్యూమినియం 2.7, గాజు నార పదార్థం సుమారు 1.9, కార్బన్ నార పదార్థం సుమారు 1.6 కిలోలు తూగుతాయి.

దీని మేలు మన హైదరాబాదులోనే చూశాం. 1989లో తొలిసారి ఎగిరిన అగ్ని క్షిపణి కోసం అక్కడి రక్షణ ప్రయోగశాలలు తేలిక పదార్థాలపై కృషి చేశాయి. ఆ తర్వాత నిమ్స్ ఆసుపత్రిలో మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలకు 300 గ్రాముల కాలిపర్లు చేసి ఇచ్చారు. వాటితో పిల్లలు పరుగెత్తిన సంగతి అబ్దుల్ కలాం గారు ఎన్నో సభల్లో ఆనందంగా చెప్పేవారు.

విద్యుత్ వాహనానికీ బరువే సమస్య. స్కూటరు ట్యాంకు నిండా పెట్రోలు పోసినా నాలుగైదు కిలోలే. బ్యాటరీ అయితే ఇరవై కిలోల దాకా ఉంటుంది. కారులో రెండు మూడు వందల కిలోలు. బండి తేలికైతే చిన్న బ్యాటరీ చాలు. బ్యాటరీ చిన్నదైతే బండి మరికొంత తేలిక. ఈ లెక్కతోనే బి.ఎం.డబ్ల్యు. సంస్థ 2013లో ఐ3 కారుకు కార్బన్ నార బాడీ కట్టింది. కానీ కార్బన్ నార ఖరీదైనది, పని నిదానం. 2022లో ఆ కారు తయారీ ఆగిపోయింది.

ఇక మన స్కూటరు సంగతి. దానిపై కనిపించేది చాలావరకు మామూలు ప్లాస్టిక్కే. బరువు మోసేది లోపలి లోహపు చట్రం. పైగా ఇద్దరు ఎక్కితే మన బరువే బండి బరువుతో సమానం. కాబట్టి ఫైబర్ బాడీ అన్నంత మాత్రాన ఎక్కువ డబ్బు ఇవ్వనక్కరలేదు. అడుగడుగునా ఆగి కదిలే బస్సులకు మాత్రం ప్రతి కిలో తగ్గింపూ లాభమే.

చివరగా మూడు జాగ్రత్తలు. ఇనుము దెబ్బ తగిలితే సొట్ట కనబడుతుంది. నార పదార్థం పైకి బాగానే ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. కుండను తట్టి చూసినట్లు తట్టించండి. డొల్ల శబ్దం వస్తే అనుమానించాలి. రెండు, దీనికి వెల్డింగు పనికిరాదు. నార గుడ్డ, రెసిన్‌తో పొరలు వేసే మెకానిక్ మన ఊళ్లో ఉన్నాడో లేడో ముందే కనుక్కోండి. మూడు, తేలిక వేరు, భద్రత వేరు. 2022 ఏప్రిల్‌లో మన పక్క నిజామాబాదులోనే, ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించారు. ఆ ఏడాది దేశంలో వరుసగా జరిగిన ఇలాంటి ప్రమాదాల తర్వాత కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు కఠినం చేసింది. ఆ పరీక్ష నెగ్గిన బ్యాటరీయేనా అని అడిగి, కాగితం చూసి కొనండి. పడుకునే గదిలో ఛార్జింగు పెట్టకండి.

మనవలు రంగు చూస్తారు, దుకాణదారు తేలిక చూపిస్తాడు. బ్యాటరీ, చట్రం, రిపేరు చూడవలసింది మనమే.