ట్రాక్టరుకు, లారీకి నమ్మకమైన బ్యాటరీ
(అశ్వారావుపేట ప్రాంత రైతులకు ఇచ్చిన ప్రసంగ పాఠము)



ఆయిల్ పామ్ పండించు మీకు కాలము విలువను నేను వేరుగా చెప్పనక్కరలేదు. గెల కోసినది మొదలు పండులో మార్పు ప్రారంభమగును. దెబ్బతగిలిన పండులోని ఎంజైము నూనెను విడగొట్టి ఆమ్లమును పెంచును. అందుచేతనే కోసిన 24 గంటలలోగా గెలలు మిల్లుకు చేరవలెనని చెప్పుచుందురు. ట్రక్కు నిండ గెలలు ఎత్తించి, కూలీలను పంపివేసి, సెల్ఫు కొట్టినప్పుడు 'టక్' మని చప్పుడు మాత్రము వచ్చి ఇంజను కదలకున్నచో ఆ నష్టము బ్యాటరీ ఖరీదుతో పోవునది కాదు. కనుక బ్యాటరీని ఎట్లు ఎన్నుకొనవలెనో ఈ దినము ముచ్చటించుకొందము.

మొదట చేయవలసిన పని కొత్త బ్యాటరీ కొనుట కాదు. లోపము ఎక్కడ ఉన్నదో తేల్చుకొనుట. టెర్మినళ్ల మీద తెల్లని లేక పచ్చని పొడి పేరుకొన్నను, బిగింపు వదులైనను బాగున్న బ్యాటరీ కూడ పనిచేయదు. వాటిని శుభ్రపరచి, బిగించి చూడండి. తరువాత ఒక చిన్న వోల్టు మీటరుతో పరీక్షించండి. ఇంజను ఆపి కొన్ని గంటలు గడచిన తరువాత 12 వోల్టుల బ్యాటరీ 12.6 లేక అంతకు పైన చూపినచో నిండుగా ఉన్నట్లు. 12.2 చూపినచో సుమారు సగము. 12కు దిగువనున్నచో దాదాపు ఖాళీ. ఇంజను నడుచుచుండగా మీటరు 13.8 నుండి 14.5 వరకు చూపవలెను. అట్లు చూపనిచో లోపము ఆల్టర్నేటరులోనో, దాని బెల్టులోనో ఉండవచ్చును. అది బాగుచేయించక కొత్త బ్యాటరీ పెట్టినచో అదియు కొలది దినములలోనే పడిపోవును. ఛార్జి నిండుగా ఉండియు సెల్ఫు కొట్టునప్పుడు 10 వోల్టులకు బాగుగా దిగువకు పోయినచో, అప్పుడు బ్యాటరీ బలము తగ్గినదని తలచవచ్చును.

ఇక కొనుట గురించి. ముందుగా సామర్థ్యము చూడవలెను. బ్యాటరీ మీద ఆంపియర్ అవర్లు అని వ్రాసియుండును. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 20 గంటలపాటు 5 ఆంపియర్ల చొప్పున ఇయ్యగలదని అర్థము. రెండు హెడ్‌లైట్లు కలిసి సుమారు 10 ఆంపియర్లు తీసికొనును. వాటిని రాత్రంతయు వెలుగనిచ్చినచో తెల్లవారుసరికి ఎంత మిగులునో మీరే లెక్కించుకొనండి. మీ బండి పుస్తకములో చెప్పిన సామర్థ్యమునకు తక్కువది ఎన్నడును కొనరాదు. చౌకగా వచ్చినదని చిన్నది పెట్టినచో సెల్ఫు కొట్టిన ప్రతిసారి అది అలసిపోవును.

రెండవది తయారైన తేదీ. బ్యాటరీ దుకాణములో ఊరకున్నను నెమ్మదిగా ఖాళీ అగుచుండును. మన ఎండలలో అది మరింత వేగము. అట్లు చాలకాలము ఉన్నచో పలకలపై సల్ఫేటు గట్టిపడి, తిరిగి ఛార్జి చేసినను పూర్తి బలము రాదు. కాబట్టి తేదీ గుర్తును దుకాణదారు చేత చదివించి, రెండు మూడు నెలలకు మించనిది అడుగండి. వోల్టేజి కొలిపించుకొని మరీ తీసికొనండి.

మూడవది మన వేడి, మన బాటలు. కొన్ని బ్యాటరీల మీద కనిపించు 'కోల్డ్ క్రాంకింగ్' అంకె సున్నాకు దిగువ 18 డిగ్రీల చలిలో కొలిచినది. మన భద్రాచలము అడవి అంచున బ్యాటరీకి శత్రువు చలి కాదు, వేడియు కుదుపును. వేడి 10 డిగ్రీలు పెరిగినచో లోపలి రసాయన క్రియలు ఇంచుమించు రెట్టింపగును, ఆయుర్దాయము తగ్గును. గతుకుల బాటలో వదులుగా ఉన్న బ్యాటరీ ఎగిరెగిరి పడి పలకల మీది పదార్థము రాలిపోవును. కాబట్టి కుదుపులకు తగినట్లు చేసిన ట్రాక్టరు బ్యాటరీనే అడుగండి. క్రింద రబ్బరు పరచి, పై పట్టీని గట్టిగా బిగించండి. ఇన్వర్టరు బ్యాటరీ వేరు, ఇంజను స్టార్టు చేయు బ్యాటరీ వేరు. ఒకదానిని రెండవ పనికి వాడరాదు.

లారీలలో ఎక్కువ వాటికి 24 వోల్టులు కావలెను. అందుకు రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలుపుదురు. ఒకటి పోయినదని ఒకటే మార్చినచో పాతది కొత్తదానిని కూడ పాడుచేయును. రెండును ఒకే కంపెనీవి, ఒకే సామర్థ్యము గలవి, ఒకేసారి మార్చవలెను. పాటల పెట్టెకో, అదనపు దీపమునకో ఒక్క బ్యాటరీ నుండి తీగ లాగుటయు మంచిది కాదు.

కంపెనీ పేరు మాటేమని అడుగుదురు. తిరుపతి సమీపమున కరకంబాడిలో అమరరాజా వారి కర్మాగారము గలదు. ఇతర పేరుగల కంపెనీలును గలవు. ఏది కొన్నను బిల్లును, తేదీ వేసి ముద్ర కొట్టిన వారంటీ కార్డును తీసికొని భద్రపరచండి. సత్తుపల్లిలోగాని, జంగారెడ్డిగూడెములోగాని, మీకు దగ్గరలో సరిచేసి ఇచ్చువారు ఉన్నారా అని ముందే విచారించండి. దూరములోనున్న వారంటీ కోతల దినమున అక్కరకు రాదు.

నీళ్లు పోయు రకమైనచో నెలకొకసారి, వేసవిలో పదిహేను దినములకొకసారి మూతలు తీసి చూడండి. డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బావినీటిలో, బోరునీటిలో లవణములు ఉండును. ఆసిడ్ పోయరాదు. ఛార్జి చేయునప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడును కనుక దగ్గర బీడీ వెలిగించరాదు. విప్పునప్పుడు నెగటివు ముందు, బిగించునప్పుడు నెగటివు చివర. ఆసిడ్ కంట పడినచో వెంటనే ధారాళముగా నీటితో కడిగి వైద్యుని చూడండి.

పాత బ్యాటరీని పాత సామానులవానికి ఇయ్యరాదు. లోపలి సీసమును బహిరంగముగా కరిగించినచో ఆ పొగయు ధూళియు పిల్లల మెదడునకు హాని చేయును. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన బ్యాటరీని గుర్తింపుగల సేకరణదారులకు చేర్చవలెను. కొత్తది కొను దుకాణములోనే పాతది ఇచ్చినచో ధరలో కొంత తగ్గింపును దొరకును.

కోతకు ముందు దినము సాయంకాలము ఒక్క నిమిషము మీటరు పెట్టి చూచుకొనండి. ఇంటిదగ్గర తెలిసిన లోపమునకు రాత్రి తీరుబడి ఉండును. గెలలు ఎత్తిన తరువాత తెలిసిన లోపమునకు ఉండదు.