పనిమీద పోవుచుండగా మోటారు ప్రమాదము

విజయవాడ నుండి హైదరాబాదునకు సరకుతో పోవుచున్న లారీ, సూర్యాపేట దాటిన పిమ్మట మరియొక బండిని ఢీకొన్నదనుకొందము. డ్రైవరు మరణించెను. వయస్సు 35, నెల జీతము 12,000 రూపాయలు. భార్య, ఇద్దరు పిల్లలు. పదిదినములు గడవకమునుపే యజమాని మనిషి వచ్చి యాభైవేలు చేతిలో పెట్టి, ఇక మాకేమియు రావలసినది లేదని వ్రాసిన కాగితముపై సంతకము కోరును. ఇట్టి కుటుంబమునకు చట్టము కల్పించిన త్రోవలను శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ముందుగా ఆ కాగితము మాట. అది చెల్లదు. పనిలో మరణించినవాని పరిహారమును యజమాని తన యిష్టము వచ్చినట్లు ఇంటివారికిచ్చి చేతులు దులుపుకొనుటకు వీలులేదు. కార్మిక పరిహారాధికారి వద్ద జమ చేయవలెను. ఆశ్రితులెవరో విచారించి పంచువాడు ఆ యధికారి. హక్కును వదలుకొంటినని వ్రాసియిచ్చినను ఆ వ్రాత నిలువదు. ఈ యేర్పాటు 1923 నాటి చట్టము నుండి వచ్చుచున్నది. 2025 నవంబరు 21 నుండి దాని స్థానమున 2020 సామాజిక భద్రతా స్మృతి అమలునకు వచ్చినను మూలసూత్రములు మారలేదు.

ఈ పరిహారమునకు తప్పెవరిదని అడుగరు. డ్రైవరే ఏమరియున్నను కుటుంబమునకు సొమ్ము వచ్చును. త్రాగి నడపుట వంటి కారణములు చిన్న గాయములకు అడ్డు రావచ్చును గాని, మరణమునకు అడ్డురావు. నెల జీతములో సగమును, వయస్సును బట్టి నిర్ణయించిన గుణకముతో హెచ్చింతురు. 35 ఏండ్లకు గుణకము 197.06, కనుక మన డ్రైవరు కుటుంబమునకు 11,82,360 రూపాయలు. మనిషి బ్రతికి, ఏ పనికిని పనికిరానివాడైనచో, సగమునకు బదులు నూటికి అరువది చొప్పున లెక్కింతురు. డ్రైవరు విషయమున ఈ బాధ్యత వాహనపు బీమాలో తప్పక చేరియుండవలెను.

రెండవ త్రోవ 1988 మోటారు వాహనముల చట్టము. ఎదుటి బండివాని నిర్లక్ష్యమును చూపగలిగినచో ట్రిబ్యునలునకు పోవచ్చును. 2009లోను, 2017లోను సుప్రీంకోర్టు ఏర్పరచిన లెక్క ప్రకారము, పన్నెండువేలకు భవిష్యత్తులో పెరుగుదల కొరకు నూటికి నలుబది కలిపినచో 16,800, తన ఖర్చు క్రింద మూడవవంతు తీసివేయగా 11,200, ఏడాదికి 1,34,400, దీనిని 16తో హెచ్చింపగా 21,50,400 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు మొదలైనవి వేరు. అయితే తప్పులో డ్రైవరునకును పాలున్నచో ఆ మేరకు తగ్గింతురు. తప్పంతయు అతనిదే అయినచో ఈ త్రోవలో చేతికేమియు రాదనియే చెప్పవలెను.

రెండు త్రోవలును తెరచియున్నను, ఒకదానిలోనే పోవలెను. రెండుచోట్లను పరిహారము కోరుటకు మోటారు చట్టపు 167వ సెక్షను ఒప్పుకొనదు. పెద్ద మొత్తము చూచి ట్రిబ్యునలునకు పరుగెత్తుట తొందరపాటు. సాక్ష్యము బలహీనమైనచో చిన్న మొత్తమే నిశ్చయమైనదని మా అభిప్రాయము. కావున వకీలును చూచునపుడు మొదట అడుగవలసినది, ఎంత వచ్చునని గాదు. తప్పెవరిదని పోలీసు కాగితములలో ఉన్నదని.

ఇ.ఎస్.ఐ. కార్డుగలవారికి ఈ యెంపిక లేదు. యజమాని బాధ్యతకు మారుగా ఆ సంస్థయే ఆశ్రితులకు భత్యమిచ్చును.

పనికి పోవు దారిలో జరిగినచో? చిరకాలము ఇది వివాదాస్పదముగనే యుండెను. మహారాష్ట్రలో ఒక చక్కెర కర్మాగారపు కావలివాడు 2003లో తెల్లవారుజాము డ్యూటీకి మోటారుసైకిలుపై పోవుచు మరణించెను. అధికారి పరిహారమిచ్చెను, హైకోర్టు కొట్టివేసెను, 2025 జూలైలో సుప్రీంకోర్టు మరల నిలబెట్టెను. ఇరువదిరెండేండ్లు! ప్రయాణమునకును పనికిని సంబంధమున్నచో అది పనిలో జరిగిన ప్రమాదమేయని నేడు స్మృతిలోనే వ్రాసియున్నది.

ట్రిబ్యునలునకు పోదలచినవారికి, 2022 ఏప్రిల్ నుండి అమలులోనున్న సవరణ ఆరునెలల గడువు పెట్టినది. తామున్న ఊరి పరిధిలోని ట్రిబ్యునలుననే దరఖాస్తు చేయవచ్చును. ఎఫ్.ఐ.ఆర్. నకలు, శవపరీక్ష నివేదిక పోలీసుల ద్వారా దొరకును. దొరకనిది జీతపు రుజువు. చేతికి నగదు ముట్టిన ఇండ్లలో, యజమాని వ్రాసిన చిన్న చీటీ గాని, బ్యాంకు పాస్‌పుస్తకములోని ఒక పద్దు గాని వెదకి భద్రపరచుకొనవలెను.